బైకు బ్యాటరీ, చార్జింగ్, వైరింగ్ ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మా షెడ్డుకి ఓడీ 20 నంబరు బళ్లూ వస్తాయి, మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు నుంచి ఆంధ్రా బళ్లూ వస్తాయి. ప్లేటు ఏదైనా కంప్లయింటు ఒకటే. ఒడియా వాళ్లు "బ్యాటరీ డౌన్ హోఇగలా" అంటారు, మనవాళ్లు "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేసెయ్" అంటారు. కొత్తది వేసేయడం నాకూ సులువే, ఐదు నిమిషాల పని. కానీ చార్జింగ్ ఎక్కని బండికి కొత్త బ్యాటరీ వేస్తే అదీ నెల తిరక్కుండా చస్తుంది. అందుకే జేబులో చెయ్యి పెట్టేముందు కొలవమంటాను. రోజూ నన్ను అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్ అని ఆగిపోతోంది. బ్యాటరీ మార్చేయాలా?

ఇప్పుడే వద్దు. ముందు సీటు తీసి బ్యాటరీ రెండు టెర్మినళ్లనూ వేలితో కదిపి చూడండి. కదిలితే స్క్రూ బిగించండి. మా దగ్గర కొన్ని బళ్లు ఆ ఒక్క స్క్రూతోనే ఇంటికెళ్లిపోతాయి, వాటికి డబ్బులు కూడా అడగలేం.

టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. బుసబుసమని పొంగుతుంది, కంగారు పడకండి. ఆరాక ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వాజిలిన్ పూయండి. టెర్మినల్ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానర్ ఛాసిస్‌కి తగిలిందా, కళ్ల ముందు మెరుపే.

ఇంత చేసినా టక్ టక్ పోకపోతే మీటరు తీయాలి.

మీటరు ఎలా పట్టాలి? ఎంత చూపిస్తే మంచిది?

ఐదు వందల లోపు వచ్చే చిన్న డిజిటల్ మల్టీమీటరు చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనించండి. మూడు సార్లు కొలవాలి.

మొదటిది పొద్దున్నే, తాళం తిప్పకముందు. 12.6 నుంచి 12.8 దాకా ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12కి దిగితే మిగిలింది పావు వంతే అనుకోండి. బండి నడిపి ఆపిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది నమ్మొద్దు. కొన్ని గంటలైనా ఆగండి.

రెండోది సెల్ఫ్ నొక్కుతున్న ఆ రెండు సెకన్లలో. ఇక్కడ 10 కంటే పైన నిలబడాలి. 12.7 ఉన్న బ్యాటరీ సెల్ఫ్ నొక్కగానే 8కి జారిపోతే లోపల పస లేదు, ఒక సెల్ పోయి ఉండొచ్చు.

మూడోది ఇంజను నడుస్తూ, హెడ్‌లైటు వెలుగుతూ ఉన్నప్పుడు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లకి హెడ్‌లైటు ఎలాగూ ఇంజనుతో పాటే వెలుగుతుంది. మెల్లగా రేజ్ చేస్తూ నాలుగైదు వేల ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లండి. 13.5 నుంచి 14.5 మధ్య నిలబడితే చార్జింగ్ బాగున్నట్టే. ఐడ్లింగ్‌లో 12.8, 13 చూపించినా చిన్న బళ్లకి అది మామూలే, గాభరా వద్దు. రేజ్ చేసినా 12.5 దగ్గరే కూర్చుంటే బ్యాటరీకి ఏమీ అందడం లేదు. 15 దాటితే అవసరం కంటే ఎక్కువ అందుతోంది. అది ఇంకా చెడ్డది.

బ్యాటరీ 12.7 ఉంది, కొత్తది కూడా. అయినా సెల్ఫ్ ముక్కుతోంది.

ఎర్తు చూడండి, అంటే బ్యాటరీ మైనస్ తీగ బండి బాడీకి కలిసే చోటు. వైరింగ్ పనిలో నేను నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను. ప్లస్ తీగ గురించి అందరికీ పట్టింపే, మైనస్ తీగ ఎక్కడికి పోయి ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చూడరు.

ఆర్. ఉదయగిరి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఏడాదిన్నరలో మూడు బ్యాటరీలు వేయించాడు, మూడోదీ పడుకుంది. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది నేరుగా ఇంజను బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. అక్కడ దాదాపు సున్నా చూపించాలి, మహా అయితే 0.2, 0.3. మీటరు 1.8 చూపించింది. అంటే సెల్ఫ్ మోటారుకి పోవాల్సిన దాంట్లో దాదాపు రెండు వోల్టులు దారిలోనే ఆవిరైపోతున్నాయి. ఎర్తు బోల్టు విప్పితే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో చిన్న యాక్సిడెంట్ అయితే ఛాసిస్‌కి పెయింట్ వేయించాడట. వేసినవాళ్లు బోల్టు కూర్చునే చోటునీ వదలకుండా నిగనిగలాడేలా పూశారు. ఆ పెయింట్ పొర మీద ఎర్తు తీగ కన్ను కూర్చుంది. బోల్టు మర మీద నుంచి అందినంత అందుతోంది, అంతే. రూపాయి బిళ్లంత మేర పెయింట్ గీకాను, బోల్టు బిగించాను. మీటరు 0.1కి వచ్చింది. సెల్ఫ్ ఒక్క దెబ్బకి లేచింది. ఆయన ముఖం చూస్తే మూడు బ్యాటరీల డబ్బు లెక్కేసుకుంటున్నట్టే ఉంది.

నౌపడ ఉప్పుమడుల వైపు తిరిగే బళ్లకి పెయింట్ అక్కర్లేదు, ఉప్పుగాలే ఆ పని చేసేస్తుంది. ఏడాదికోసారి ఎర్తు బోల్టు విప్పి రుద్ది బిగించుకోండి.

రేజ్ చేసినా వోల్టేజీ పెరగడం లేదు. కాయిలా, రెక్టిఫయరా?

ఈ రెండింటిలో ఏది పోయిందో తేల్చకుండా రెండూ మార్పించే అలవాటు ఒకటి ఉంది. ఖర్చు మీది కాబట్టి వాళ్లకి పోయేదేం లేదు.

ఇంజను తిరుగుతుంటే మ్యాగ్నెట్ లోపలి కాయిల్ ఏసీ పుట్టిస్తుంది. రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చి, ఎక్కువైతే అదుపు చేసి బ్యాటరీకి పంపుతుంది. కాబట్టి కాయిల్ నుంచి మొదలుపెట్టి వరుసగా రావాలి.

కాయిల్ కంటే ముందు కప్లరు (తీగల్ని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) చూడండి. కాయిల్ తీగలు రెక్టిఫయర్‌కి కలిసే చోట ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి, పిన్ను చుట్టూ కరిగి ఉంటే దొంగ అక్కడే దొరికాడు. పిన్ను వదులైతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది. కప్లరు మార్చండి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టే పని మాత్రం వద్దు, అది మళ్లీ కాలుతుంది.

కప్లరు బాగుంటే దాన్ని విడదీసి కాయిల్ వైపు కొలవండి. ఒకే రంగులో, ఎక్కువగా పసుపులో, మూడు తీగలు ఉన్న బండి అయితే ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ మధ్య ఓమ్స్ చూడండి. మూడూ సమానంగా, ఒక ఓమ్ చుట్టుపక్కల ఉండాలి. తర్వాత మీటరుని బీప్ మోడ్‌లో (రెండు కొసలూ కలిసి ఉంటే కూసేది) పెట్టి, ఒక్కో తీగకీ ఇంజను బాడీకీ మధ్య చూడండి. అక్కడ బీప్ రాకూడదు. వస్తే కాయిల్ కాలి బాడీకి తగిలినట్టు. ఆఖరికి మీటరు ఏసీ 200 మీద పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, తీగల జతలు మళ్లీ కొలవండి. రేజ్ చేసేకొద్దీ మూడు జతల్లోనూ ఒకేలా పెరగాలి. ఎంత అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, కానీ రెండు జతలు 40 చూపిస్తూ మూడోది 12 దగ్గర ఆగితే కాయిల్ పోయినట్టే.

ఒక జాగ్రత్త. పాత 100 సీసీ బళ్లలో చాలావాటికి కాయిల్ ఒక కొసని కావాలనే బాడీకి కలుపుతారు. వాటికి బీప్ రావడం సహజం. ఇది తెలియక మంచి కాయిల్‌ని పారేసిన కుర్రాళ్లని చూశాను. మొదట్లో నేనూ ఒకటి పారేశాను.

కాయిల్ బాగుండి, కప్లరు బాగుండి, రెక్టిఫయర్ బాడీకి ఎర్తు అందుతూ, అక్కడి నుంచి బ్యాటరీకి వెళ్లే తీగ, మధ్యలో ఫ్యూజ్ కూడా బాగుంటే, ఇక మిగిలింది రెక్టిఫయరే. మార్చాక దాని రెక్కల మీద బురద పేరుకోనివ్వకండి. దానికి గాలే మందు.

పాత కిక్కు బండి. ఐడ్లింగ్‌లో హెడ్‌లైటు మసకబారుతోంది, రేజ్ చేస్తే వెలుగుతోంది. చార్జింగ్ పోయిందా?

లేదు. ఆ బళ్లలో హెడ్‌లైటు బ్యాటరీతో కాకుండా నేరుగా కాయిల్‌తో వెలుగుతుంది. ఇంజను నెమ్మదిస్తే లైటూ నెమ్మదిస్తుంది. హారన్, ఇండికేటర్ కూడా అలా నీరసిస్తుంటే అప్పుడు బ్యాటరీ చూడండి.

ఫ్యూజ్ వేసిన వెంటనే కొట్టేస్తోంది. పెద్దది వేస్తే ఆగుతుందా?

ఆగుతుంది. తర్వాత వైరింగ్ కిట్టు, అంటే బండి తీగల కట్ట, కాలుతుంది. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఏ రంగు పోతే ఆ రంగే వేయాలి. సిగరెట్టు పెట్టె రేకు, రాగి పోగు చుట్టినవాళ్ల బళ్లు మా షెడ్డుకి తాడు కట్టుకుని వస్తాయి.

పది ఫ్యూజులు తగలేయకుండా షార్ట్ పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి హోల్డరుతో సహా తీసుకోండి. దాని రెండు తీగలనీ ఫ్యూజ్ గూట్లో, ఫ్యూజ్ కాళ్లు దిగే రెండు గాట్లలో పెట్టండి. హెడ్‌లైటు కప్లరు ఊడదీసి తాళం తిప్పండి. ఎక్కడో ప్లస్ తీగ బాడీకి తగిలి ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది. ఇక ఫ్యూజ్ పోయే భయం లేదు, బల్బే కరెంటుని ఆపి పట్టుకుంటుంది. ఇప్పుడు తీరిగ్గా వైరింగ్ కిట్టుని జానెడు జానెడు కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బు ఆరిపోతుందో, మసకబారుతుందో అక్కడే గాయం ఉంది. కిట్టు బాగున్నట్టుంటే హారన్, బ్రేకు స్విచ్, వెనక లైటు కప్లర్లు ఒక్కోటీ ఊడదీస్తూ చూడండి.

నేను ముందు చూసే చోట్లు చెబుతాను: హ్యాండిల్ మెడ దగ్గర, ట్యాంకు కింద ఛాసిస్‌కి ఒరుసుకునే చోట, వెనక మడ్‌గార్డులోంచి టెయిల్ లైటుకి తీగలు దిగే రంధ్రం దగ్గర. ఆ రంధ్రానికి రబ్బరు వాషర్ ఉంటుంది. అది ఊడితే రేకు అంచు కత్తిలా పనిచేస్తుంది. ఘాట్ రోడ్లో ఆరు నెలల కుదుపులు చాలు.

హ్యాండిల్ ఎడమకి తిప్పితే బండి ఆగిపోతోంది, కుడికి తిప్పితే బాగుంది.

మెడ దగ్గర తీగ లోపల తెగింది, పైన తొడుగు మాత్రం అలాగే ఉంది. ఒక్కో తీగనీ రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. తెగినది రబ్బరులా సాగుతుంది, మిగతావి సాగవు. అదే మందం తీగ ముక్క వేసి టంకం పెట్టి, ముందే ఎక్కించిన స్లీవు మీదకి లాగి వేడి చేయండి. అతుకు మలుపు తిరిగే చోట పడకుండా కాస్త అవతలికి వేయండి. టంకం పెట్టిన చోట తీగ కర్రలా బిగుసుకుంటుంది, మలుపులో పడితే దాని అంచునే మళ్లీ తెగుతుంది.

రెండు మూడు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ సున్నా. చార్జింగ్ బాగానే ఉంది.

ఎవరో రాత్రుళ్లు తాగుతున్నారు. తాళం తీసేసి, మైనస్ టెర్మినల్ విప్పండి. మీటరుని 10 ఆంపియర్ల మీద పెట్టి, ఎర్ర తీగని కూడా ఆ గాట్లోకి మార్చండి. విప్పిన మైనస్ తీగకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మీటరు పెట్టండి. ఇలా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు. మీటరు ఫ్యూజ్ పోతుంది.

ఏ అదనపు సామానూ లేని బండికి అక్కడ నాలుగైదు మిల్లీఆంపియర్లు కూడా దాటకూడదు. 50 మిల్లీఆంపియర్లు లాగుతోందనుకోండి. రోజుకి 24 గంటలు, అంటే 1.2 ఆంపియర్ అవర్. మీ 100 సీసీ బండి బ్యాటరీ 4 ఆంపియర్ అవర్‌ది అయితే నాలుగో రోజు తెల్లారేసరికి ఏమీ మిగలదు.

మీటరు అలాగే ఉంచి ఒక్కో కప్లరూ తీస్తూ రండి, ఏది తీస్తే అంకె పడిపోతుందో అదే. నా అనుమానం ఎప్పుడూ ముందు బయట కొని తగిలించినవాటి మీదే: అలారం, జీపీఎస్, నీలం లైటు వెలిగే ఫోన్ చార్జరు. చార్జరుని నేరుగా బ్యాటరీకి కలపకుండా, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకి ఫ్యూజ్ పెట్టి కలపండి. అవేవీ లేని బండి అయితే రెక్టిఫయర్ కప్లరు తీసి చూడండి, లోపల డయోడ్ లీకైనా ఇలాగే తాగుతుంది.

జిరంగ్ వైపు వెళ్తే మంచు. ఫాగ్ లైట్లు పెట్టుకోవచ్చా?

చలికాలం పొద్దున చంద్రగిరి, జిరంగ్ దారిలో ముందు చక్రం కూడా కనబడని మాట నిజమే. బౌద్ధ మందిరం చూడటానికి వెళ్లే కుర్రాళ్లు ముందురోజు సాయంత్రం వచ్చి "అన్నా, రెండు లైట్లు తగిలించు" అంటారు. లెక్క చూసుకోండి. నిజంగా 40 వాట్లు లాగే లైట్లు రెండు పెడితే 80 వాట్లు, దాదాపు 7 ఆంపియర్లు. 100 సీసీ బండి కాయిల్ ఇచ్చేదాంట్లో హెడ్‌లైటు, ఇగ్నిషన్ పోగా అంత మిగలదు. లోటు బ్యాటరీ లోంచి పోతుంది. వెళ్లేటప్పుడు లైట్లు వెలుగుతాయి, వచ్చేటప్పుడు సెల్ఫ్ ఉండదు. అలాంటి బండికి 10 వాట్లవి రెండు చాలు. పెద్ద బళ్లకి కాస్త ఎక్కువ పెట్టొచ్చు. పెట్టాక మాత్రం లైట్లన్నీ వేసి మూడో రీడింగ్ మళ్లీ తీయండి, 13.2 కంటే కింద ఉంటే తగ్గించండి.

ఏ లైటైనా రిలే (స్విచ్‌లోని చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటుని కలిపే డబ్బా) వేయాల్సిందే. దాని కాళ్ల నంబర్ల ప్రకారం, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా వచ్చే తీగ, 87 నుంచి లైట్లకి, 86కి స్విచ్, 85కి ఎర్తు. కంపెనీ హెడ్‌లైటు తీగకి గాటు పెట్టి కలిపేసేవాళ్ల దగ్గరికి బండి తీసుకెళ్లకండి.

నెలకో బల్బు మాడిపోతోంది. బ్యాటరీ పక్కలు ఉబ్బాయి.

15 వోల్టులు దాటుతోంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా వస్తుంటే బండి ఆపి, దూరం జరిగి, చల్లారనివ్వండి. దగ్గర బీడీ వెలిగించొద్దు, ఆ గ్యాస్ అంటుకుంటుంది. రెక్టిఫయర్ ఎర్తు చూసి, అది బాగుంటే రెక్టిఫయర్ మార్చండి. ఉబ్బిన బ్యాటరీ ఇక పనికిరాదు. ముందు బ్యాటరీ మార్చి రెక్టిఫయర్ తర్వాత చూద్దాం అనుకుంటే కొత్తది కూడా ఉబ్బుతుంది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చార్జింగ్ చూస్తామంటున్నాడు మా ఊరి మెకానిక్.

పీకనివ్వొద్దు. పాత కార్బురేటర్ బళ్ల కాలం నాటి పరీక్ష అది. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 ఇంజెక్షన్ బళ్లలో ఈసీయూ (ఇంజనుని నడిపే చిన్న కంప్యూటర్) పోతే ఆ ఖర్చుతో పాత బండి ఒకటి కొనుక్కోవచ్చు.

బ్యాటరీలో నీళ్లు పోయాలా, యాసిడ్ పోయాలా?

మూతలున్న తెల్ల బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్, పై గీత దాకా. యాసిడ్ మొదటిసారి నింపేటప్పుడు తప్ప పోయకూడదు. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు. బోరు నీళ్లు, మినరల్ వాటర్ సీసా నీళ్లు పనికిరావు. సీల్డ్ బ్యాటరీ అయితే మూత పీకాలనే ఆలోచనే వద్దు.

కొత్త బ్యాటరీ మూడు నెలలకే పోయింది. డూప్లికేటా?

కావొచ్చు. ముందు తయారీ తేదీ చూడండి, ఏడాదిగా షాపు అరలో పడి ఉన్నది అంటగట్టి ఉండొచ్చు. అంతకంటే ఎక్కువ అనుమానం నాకు మొదటి చార్జింగ్ మీద. యాసిడ్ పోసే రకం అయితే పోసి, అరగంట ఆగి, చార్జర్ మీద నెమ్మదిగా నింపాకే బండికి పెట్టాలి. చార్జింగ్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు, అంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్. గంటలు పడుతుంది. సంత రోజున ఆదరాబాదరాగా వచ్చి "అవన్నీ వద్దు, పెట్టెయ్" అనేవాళ్లకి షాపువాడూ పెట్టేస్తాడు.

దారిలో ఆగిపోతే లారీ బ్యాటరీ నుంచి కలుపుకోవచ్చా?

లారీలకి ఎక్కువగా 24 వోల్టులు. కలిపితే మీ బండిలో ఉన్న ఎలక్ట్రానిక్స్ అన్నీ పోతాయి. కారు అయితే పరవాలేదు, కారు ఇంజను ఆపి ఉంచి, ప్లస్ ప్లస్‌కి, మైనస్ మీ ఇంజను బాడీకి.

వరద నీళ్లలో బండి మునిగింది. ఆరబెట్టి స్టార్ట్ చేయొచ్చా?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత వరసగా వచ్చిన బళ్లలో నీళ్ల వల్ల పోయినవాటికంటే ఆత్రంగా తాళం తిప్పడం వల్ల పోయినవే నాకు ఎక్కువ గుర్తున్నాయి. ముందు మైనస్ విప్పండి. మంచినీళ్లతో బురద కడగండి, ప్రెషర్ పంపుతో వద్దు. ప్రతి కప్లరూ విడదీసి ఎండలో ఆరనివ్వండి. ఇంజను ఆయిల్ తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు లోపలికి పోయాయి, బండిని కదపకుండా మెకానిక్‌ని పిలవండి.

ఎలుకలు తీగలు కొరికేస్తున్నాయి.

వడ్ల బస్తాల పక్కన బండి పెట్టకండి. ఇంతకు మించి నా దగ్గర మందు లేదు. నాఫ్తలీన్ ఉండలు వారం పనిచేస్తాయి, తర్వాత వాటి పక్కనే గూడు కట్టిన ఎలుకని చూశాను.

కొండదారిలో వెళ్లేటప్పుడు సీటు కింద ఏం పెట్టుకోవాలి?

మీ బండికి సరిపోయే ఫ్యూజులు మూడు, ఇన్సులేషన్ టేపు, మూర తీగ, చిన్న స్క్రూడ్రైవర్, పది నంబరు స్పానర్. సెల్ఫ్ రాకపోతే కిక్కు ఉన్న బండి కిక్కుతో లేస్తుంది. కిక్కు లేకపోతే దిగుడులో సెకండ్ గేరు వేసి, క్లచ్ పట్టి, వేగం అందుకున్నాక వదలండి. ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పగానే పెట్రోలు పంపు "జూయ్" అనాలి. ఆ చప్పుడు లేదంటే ఎంత తోసినా లేవదు, కాశీనగరం వైపో ఉదయగిరి వైపో వెళ్లే ఏ ఆటోనో ఆపి ఎక్కించుకోండి.